స్పీకర్ అంచు ఊడితే స్పీకర్ పోయినట్టేనా?

మీ ఇంట్లో పదిహేనేళ్ళు దాటిన బాక్స్ స్పీకర్ ఉంటే దాని ముందున్న జాలీ తీసి, పెద్ద స్పీకర్ చుట్టూ ఉండే మెత్తటి అంచు మీద వేలితో మెల్లగా ఒత్తండి. రబ్బరులా ఒంగి మళ్ళీ లేస్తే బాగానే ఉన్నట్టు. వేలికి జిగటగా అంటుకున్నా, బిస్కెట్ పొడిలా రాలినా ఈ వ్యాసం మీకోసమే. చాలామంది ఈ దశలో స్పీకర్ పాడైందని తీసి పక్కన పెట్టేస్తారు. నిజానికి లోపల అయస్కాంతం, కాయిల్, పేపర్ అన్నీ బాగానే ఉండి, కొన్ని గ్రాముల బరువున్న ఫోమ్ రింగు ఒక్కటే పోయి ఉంటుంది. ఆ రింగుని ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఎలాగో, ఎందుకలాగో రెండూ చెప్తాను.

నేను సీఎస్ఈ, రెండో సంవత్సరం. స్కూలంతా ఇంగ్లీషు మీడియం కాబట్టి "సరౌండ్", "స్పైడర్" లాంటి మాటలకి తెలుగులో ఏమంటారో వెతికాను. కోటీ గుజరాతీ గల్లీలో అడిగితే షాపుల్లో తెలుగువాళ్ళు, ఉర్దూవాళ్ళు అందరూ "ఫోమ్", "కాయిల్", "పేపర్", "స్పైడర్" అనే అంటున్నారు. నేనూ అవే వాడుతున్నాను. సరౌండ్‌ని మాత్రం "అంచు" అంటాను, ఎందుకంటే అది అచ్చంగా చీర అంచులాగే చుట్టూ ఉంటుంది.

ఎందుకు మొదలైంది

మా ఇల్లు పాతబస్తీలో, గౌలిపురాలో. తొంభైల్లో మా నాన్న శాలిబండ వైపు చిన్న క్యాసెట్ షాపు నడిపేవాడు. కావలసిన పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి రికార్డు చేసి ఇచ్చే షాపు. సీడీలు, ఆ తర్వాత ఎంపీత్రీలు వచ్చాక అది మూతపడింది. షాపు సామానులో మిగిలినవి రెండే, ఎనిమిది అంగుళాల వూఫర్ ఉన్న ఒక జత బాక్సులు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అవి బీరువా మీదే ఉన్నాయి. ఒకసారి పెట్టి చూస్తే లోపల ఈగ దూరినట్టు గరగరమన్నాయి.

ఈ ఎండాకాలం ఇల్లు మారాల్సి వచ్చింది. కొత్త ఇల్లు చిన్నది.

"అవి పోయినయ్ బిడ్డా. పాత సామానోనికి ఇచ్చేద్దాం," అన్నాడు నాన్న.

"పది రోజులు ఆగు నాన్నా, చూస్తా," అన్నాను.

ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆ బాక్సుల వెనక స్కెచ్ పెన్నుతో ఆయన రాసుకున్న "ఎడమ", "కుడి" ఇంకా చెరగలేదు. పది రోజుల్లో బాగవకపోతే తూకానికి వెళ్ళిపోతాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ మోడల్‌కి సరిపోయే కాయిల్ ఇప్పుడు దొరకదు. పని మధ్యలో కాయిల్ దెబ్బతింటే ఇంక వెనక్కి రావడం లేదు. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెండు రోజులు చదవడానికే పెట్టాను.

స్పీకర్‌లో అంచు చేసే పని

ఇప్పుడు మనం వాడే కదిలే కాయిల్ స్పీకర్ డిజైన్‌ని 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఒక పేపర్‌లో వివరించారు. వందేళ్ళయినా మూల సూత్రం మారలేదు. వెనక ఒక శాశ్వత అయస్కాంతం. దాని మధ్యలో గుండ్రటి సన్నటి సందు. ఆ సందులో వేలాడే రాగితీగ చుట్ట, అదే వాయిస్ కాయిల్. ఆంప్లిఫయర్ నుంచి కరెంటు రాగానే కాయిల్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. దానికి అతికించిన పేపర్ కోన్ గాలిని నెడుతుంది. మనకి పాట వినిపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. కాయిల్ ముందుకీ వెనక్కీ తేలిగ్గా కదలాలి, పక్కకి మాత్రం కదలకూడదు. సందులో కాయిల్‌కి ఒక్కో వైపు ఉండే ఖాళీ చాలా స్పీకర్లలో అర మిల్లీమీటరు కన్నా తక్కువే. కాస్త పక్కకి జరిగినా లోహానికి రాసుకుంటుంది. అందుకని కోన్‌ని రెండు చోట్ల పట్టుకుంటారు. కింద, కాయిల్ దగ్గర, ముడతలు ముడతలుగా ఉండే గుడ్డ బిళ్ళ: స్పైడర్. పైన, కోన్ బయటి చుట్టూ: అంచు. ఊయల ఒకవైపు తాడు తెగితే ఎలా వంకరపోతుందో, అంచు చిరిగితే కోన్ అలాగే వాలుతుంది. ఆ గరగర శబ్దం దాంతోనే మొదలవుతుంది.

అంచుకి ఇంకో రెండు పనులున్నాయి. కోన్ ముందు పుట్టిన గాలి ఒత్తిడి, వెనక పుట్టిన ఒత్తిడి ఒకదానికొకటి వ్యతిరేకం. అవి కలిస్తే బేస్ చచ్చిపోతుంది. అంచు ఆ రెంటి మధ్య గోడలా నిలబడుతుంది. రెండోది, కోన్‌లో కాయిల్ దగ్గర నుంచి బయటికి పాకే కంపనాలు చివర్లో తగిలి వెనక్కి తిరగకుండా వాటిని పీల్చుకుంటుంది.

ఇంత పని చేసేదాన్ని ఫోమ్‌తో ఎందుకు చేశారు? 1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పేరుతో ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. బాక్సుని గాలి చొరబడకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగ్‌లా వాడుకోవడం ఆయన ఆలోచన. దానివల్ల చిన్న బాక్సులోంచి కూడా లోతైన బేస్ వచ్చింది. కానీ గాలి స్ప్రింగ్ సరిగ్గా పనిచెయ్యాలంటే కోన్‌ని పట్టుకున్న అంచు, స్పైడర్ చాలా వదులుగా ఉండాలి. తేలిగ్గా, మెత్తగా, చౌకగా ఉండే పదార్థం కావాలి. 1970ల నుంచి ఇళ్ళల్లో వాడే వూఫర్లకి పాలీయూరిథేన్ ఫోమ్ బాగా వాడకంలోకి వచ్చింది ఇందుకే. మెత్తదనం, తక్కువ బరువు దాని బలం. ఆయుష్షు దాని బలహీనత.

ఫోమ్ ఎందుకు చస్తుంది

పాలీయూరిథేన్‌ని 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం కనిపెట్టింది. మన పరుపులు, సోఫాలు, షూ సోల్స్ అన్నిట్లో ఉండేది దాని చుట్టాలే. ఫోమ్‌లో ముఖ్యంగా రెండు రకాలు. పాలీఎస్టర్ రకం, పాలీఈథర్ రకం. ఎస్టర్ రకానికి నీళ్ళు శత్రువు. ఈథర్ రకానికి వెలుతురు, ఆక్సిజన్ శత్రువులు.

ఇంటర్ కెమిస్ట్రీలో ఎస్టర్ హైడ్రాలిసిస్ మార్కుల కోసం బట్టీ పట్టాం, గుర్తుందా? ఎస్టర్‌కి నీరు తగిలితే ఆమ్లం, ఆల్కహాల్‌గా విడిపోతుంది. గాలిలో ఉండే తేమ సరిగ్గా ఆ పనే చేస్తుంది. ఫోమ్‌లోని పొడవాటి గొలుసులు ఎస్టర్ బంధాల దగ్గర ఒక్కొక్కటే తెగుతాయి. పైగా అలా పుట్టిన ఆమ్లమే తర్వాతి బంధం తెగడానికి ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి బాగానే కనిపించిన ఫోమ్ ఒక దశ దాటాక చూస్తుండగానే కూలిపోతుంది. పాయింటర్ వదిలేసిన మెమరీలా, బయటికి ఏమీ తెలియదు, ఒకరోజు క్రాష్.

కొత్తగా అనిపిస్తే మీ బీరువాలో చూడండి. పెళ్ళిళ్ళకి మాత్రమే వేసుకుందామని దాచిన స్పోర్ట్స్ షూ రెండు మూడేళ్ళ తర్వాత తీస్తే సోల్ పొడిపొడిగా రాలడం చూసే ఉంటారు. అదీ ఇదే రసాయనం. వాడకపోతే మన్నుతుందన్న లెక్క ఇక్కడ చెల్లదు. వాడినా, వాడకపోయినా తేమ తన పని తాను చేసుకుపోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం, ఎండ తగలని పాత గోడలు, కిటికీ పక్కన పెట్టిన బాక్సు: మన ఊళ్ళో ఫోమ్‌కి ఇబ్బంది అన్ని వైపుల నుంచీ ఉంది. మామూలుగా ఒక ఫోమ్ అంచు పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు నిలుస్తుందంటారు. మా నాన్న బాక్సులు అంతకన్నా ముసలివి.

ఒక సందేహం రావచ్చు. మరి లాల్‌దర్వాజ బోనాలప్పుడు మోగే స్పీకర్లు ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ ఎలా తట్టుకుంటాయి? వాటిలో ఫోమ్ ఉండదు. స్తంభాలకి కట్టే హారన్ స్పీకర్లలో పెద్ద కోనే ఉండదు. చిన్న డయాఫ్రమ్ ముందు పొడవాటి బూర ఉంటుంది. డీజే బాక్సుల్లోని వూఫర్లకి ఎక్కువగా రసాయనం పట్టించిన గుడ్డ అంచు, ముడతలతో ఉంటుంది. అది గట్టిది, ఎక్కువకాలం మన్నుతుంది. కానీ ఫోమ్ అంత మెత్తగా కదలదు. రబ్బరు అంచు కూడా ఎక్కువకాలం వస్తుంది కానీ ఫోమ్ కన్నా బరువు. అందుకే ఫోమ్ ఉన్న స్పీకర్‌కి మళ్ళీ ఫోమే వెయ్యాలి.

ముందు పరీక్ష

ఫోమ్ రింగు కొనే ముందు మిగతా భాగాలు బతికే ఉన్నాయో లేదో చూసుకోవాలి. మూడు పరీక్షలు చాలు.

1. మల్టీమీటర్. స్పీకర్‌ని బాక్సులోంచి విప్పి, వైర్లు తీసేసి, రెండు కొసల మధ్య రెసిస్టెన్స్ చూడండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కి సుమారు 6 నుంచి 7 దాకా, 4 ఓమ్‌ల దానికి 3కి కాస్త పైన చూపిస్తుంది. స్పీకర్ మీద రాసేది ఏసీకి సంబంధించిన ఇంపిడెన్స్, మీటర్ చూపించేది డీసీ రెసిస్టెన్స్. అందుకే తేడా. మీటర్ ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు. అప్పుడు ఫోమ్ మార్చి లాభం లేదు.

2. పెన్సిల్ సెల్. 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ టక్కుమని ముందుకి రావాలి. ప్లస్ గుర్తు చెరిగిపోయిన స్పీకర్‌కి ఇదే పరీక్షతో ప్లస్ ఏదో కనిపెట్టొచ్చు. సెల్‌ని అలాగే పట్టుకుని ఉంచొద్దు, కాయిల్ వేడెక్కుతుంది.

3. వేళ్ళు. రెండు చేతుల వేళ్ళని కోన్‌కి నాలుగు వైపులా సమానంగా పెట్టి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టుకోండి. అంచు పూర్తిగా పోయిన స్పీకర్‌ని కూడా మధ్యలో నిలబెట్టి నొక్కితే నిశ్శబ్దంగా కదలాలి. ఏ కోణంలో పెట్టినా గరగరమంటుంటే కాయిల్ ఉబ్బింది లేదా సందులో చెత్త చేరింది. మాడు వాసన వస్తే కాయిల్ కాలింది.

మా బాక్సులు రెండూ 6.2, 6.3 ఓమ్‌లు చూపించాయి. సెల్ పెట్టగానే కోన్ ముందుకి దూకింది. నాన్న గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. "ఇంకా పానం ఉన్నదే," అన్నాడు.

కొలతలు

దీనికి తీరిగ్గా టైం పెట్టండి. "ఎనిమిది అంగుళాల ఫోమ్" అని అడిగితే షాపులో ఎనిమిది అంగుళాలవే నాలుగైదు రకాలు ఉంటాయి. గుజరాతీ గల్లీలో ఒక చాచా నేను నోరు తెరవగానే "నాప్ లేకే ఆవ్ బేటా" అని పంపించేశాడు. ఆయన అన్నది న్యాయమే. కొలత లేకుండా ఆ రింగు కొనడం కుదరదు. ఫిజిక్స్ ల్యాబ్‌లో పక్కన పడేసిన వెర్నియర్ కాలిపర్స్ ఇక్కడ పనికొస్తుంది. లేకపోతే స్టీల్ స్కేలు చాలు. కొలవాల్సినవి ఐదు:

1. ఫోమ్ మొత్తం బయటి వ్యాసం, అంటే ఫ్రేము మీద అతుక్కునే పట్టీ చివరి దాకా.
2. పైకి ఉబ్బి ఉండే వంపు బయటి వ్యాసం.
3. అదే వంపు లోపలి వ్యాసం.
4. కోన్‌కి అతుక్కునే లోపలి పట్టీ వ్యాసం.
5. పేపర్ కోన్ బయటి వ్యాసం.

వీటితో పాటు రెండు విషయాలు రాసుకోండి. పాత ఫోమ్ కోన్ పైన అతికించి ఉందా, కిందా? లోపలి పట్టీ చదునుగా ఉందా, కోన్ వాలుకి తగ్గట్టు ఏటవాలుగా ఉందా? ఫోటోలు తీసుకోండి. ఫోమ్ ఒకసారి గీకేశాక సాక్ష్యం మిగలదు.

కొలతలు కాగితం మీద రాసుకుని చార్మినార్, మదీనా, నయాపుల్, అఫ్జల్‌గంజ్ మీదుగా మళ్ళీ కోటీ వెళ్ళాను. ఈసారి చాచా కాగితం చూసి, రెండు రింగులు తీసి, నా స్కేలుతోనే కొలిచి ఇచ్చాడు. ఒక వైపే పోయినా రెండు రింగులూ కొనండి. ఎడమ, కుడి ఒకేలా మోగాలంటే అంచులు ఒకే వయసువి అయ్యుండాలి. చేతులు అలవాటు పడటానికి పాత స్పీకర్ కావాలంటే గురువారం జుమ్మెరాత్ బజార్‌కి వెళ్ళండి. పనికిరాని స్పీకర్లు అక్కడ కుప్పల్లో దొరుకుతాయి. నేను కూడా ఒకటి తెచ్చుకుని పాత జిగురు గీకడం దాని మీదే ప్రాక్టీస్ చేశాను.

పాతది తీయడం

ముందు అయస్కాంతం గురించి ఒక జాగ్రత్త. బ్లేడు, స్క్రూడ్రైవర్ లాంటి ఇనుప వస్తువు కోన్ మీదుగా తీసుకెళ్తే అయస్కాంతం లాగి పేపర్‌కి చిల్లు పెట్టిస్తుంది. స్పీకర్ పక్కన ఇనుము గీకడం, రంపం పెట్టడం వద్దే వద్దు. ఆ రజను సందులోకి వెళ్తే బయటికి తీయడం చాలా కష్టం.

ఫ్రేము మీద ఫోమ్‌ని కప్పుతూ అట్ట ముక్కలో, రబ్బరు ముక్కలో ఉంటాయి. వాటిని సన్నటి చాకుతో మెల్లగా లేపి దాచుకోండి, మళ్ళీ అతికించాలి. తర్వాత ఫోమ్‌ని చేత్తోనే తీసేయొచ్చు. అసలు శ్రమ అది వదిలి వెళ్ళిన జిగురుతో. ఫ్రేము లోహం కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో నానబెట్టి గీకొచ్చు. కోన్ పేపర్ కాబట్టి అక్కడ గుడ్డని తడిగా కాకుండా చెమ్మగా మాత్రమే ఉంచి, వెనక వేలు ఆనించి, కొంచెం కొంచెంగా రుద్దాలి. ప్లాస్టిక్ కోన్ మీద అసిటోన్ లాంటి ఘాటు ద్రావకాలు వాడొద్దు. పేపర్ మీద పాత జిగురు పలచటి పొర మిగిలితే ఫర్వాలేదు, గడ్డలు మాత్రం ఉండకూడదు. నాకు ఒక్కో స్పీకర్‌కి రెండు గంటలు పట్టింది. ఈ మొత్తం పనిలో విసుగొచ్చేది ఇదొక్కటే.

జిగురు

పేపర్ కోన్‌కి నీళ్ళతో పలచబడే తెల్లటి పీవీఏ రకం జిగురు మంచిది. స్పీకర్ పనికని ప్రత్యేకంగా అమ్మేవి దొరికితే ఇంకా మంచిది. తెల్ల జిగురుకి ఉన్న గొప్ప గుణం, అది తొందరపడదు. పది పదిహేను నిమిషాలు రింగుని అటూ ఇటూ జరుపుకోవచ్చు. సూపర్ గ్లూ వద్దు. పడ్డచోటే పట్టేస్తుంది, గాజులా గట్టిపడి ఫోమ్‌ని విరిచేస్తుంది. పాలీప్రొపిలీన్ కోన్‌కి తెల్ల జిగురు సరిగ్గా పట్టదు. ఆ ప్లాస్టిక్‌కి పనికొచ్చేదని చెప్పి వేరే జిగురు అడిగి తీసుకోవాలి.

అతికించడం

పని రెండు విడతలుగా జరగాలి. మొదటి విడత: రింగుని కోన్‌కి అతికించడం. సన్నటి కుంచెతో కోన్ అంచుకీ, ఫోమ్ లోపలి పట్టీకీ పలచగా జిగురు రాసి, రింగుని చుట్టూ సమానంగా కూర్చోబెట్టి వేళ్ళతో నొక్కుతూ రండి. పూర్తిగా ఆరనివ్వండి. నేను రాత్రంతా వదిలేశాను.

రెండో విడత: రింగు బయటి పట్టీని ఫ్రేముకి అతికించడం. కాయిల్ సందు మధ్యలో నిలబడుతుందా, గోడకి రాసుకుంటుందా అన్నది ఇక్కడే తేలుతుంది. మధ్యలో పెట్టడానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది సన్నటి పట్టీల పద్ధతి. కోన్ మధ్యలో గుండ్రటి మూత ఉంటుంది, డస్ట్ క్యాప్. దాన్ని బ్లేడుతో జాగ్రత్తగా కోసి తెరిస్తే కింద కాయిల్, మధ్యలో ఇనుప స్తంభం కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య నాలుగు వైపులా పాత ఎక్స్‌రే ఫిల్మ్ నుంచి కత్తిరించిన పట్టీలు దూర్చితే కాయిల్ సరిగ్గా మధ్యలో బిగుసుకుంటుంది. అప్పుడు ఫోమ్ అతికించి, ఆరాక పట్టీలు లాగేసి, మూత మళ్ళీ అతికిస్తారు. ఖచ్చితమైన పద్ధతి, కానీ మూత కొయ్యాలి.

రెండోది శబ్దం పద్ధతి. మూత కొయ్యక్కర్లేదు. జిగురు తడిగా ఉండగానే స్పీకర్‌కి 30 హెర్ట్జ్ సైన్ తరంగం చాలా తక్కువ వాల్యూమ్‌లో ఇవ్వాలి. కోన్ రెండు మూడు మిల్లీమీటర్లు ఊగుతుంది. 30 హెర్ట్జ్ అంత తక్కువ సౌండు మన చెవికి సరిగ్గా వినపడదు, కాబట్టి కాయిల్ ఎక్కడైనా రాసుకుంటే ఆ గరగర విడిగా తెలిసిపోతుంది. రింగుని అటో ఇటో వెంట్రుకవాసి జరుపుతూ ఆ శబ్దం పూర్తిగా ఆగేచోట పట్టుకోవాలి.

ఆ తరంగానికి యాప్‌లు చాలా ఉన్నాయి కానీ మనవాళ్ళకి పైథాన్ ఉండగా యాప్ ఎందుకు? సెకనుకి 44,100 శాంపిళ్ళు, 30 హెర్ట్జ్ అంటే ఒక్కో ఆవృత్తికి సరిగ్గా 1,470 శాంపిళ్ళు. నమ్‌పైలో సైన్ ఫంక్షన్‌తో ఒక లైను, వేవ్ ఫైలుగా రాయడానికి ఇంకో రెండు లైన్లు. ఫస్టియర్ ల్యాబ్‌లో ఎందుకు చేస్తున్నామో తెలియకుండా గీసిన సైన్ వేవ్ ఇది. ఇప్పుడు అదే తరంగం ఒక పేపర్ కోన్‌ని కళ్ళముందు ఊపుతుంటే చూడటం వేరే అనుభవం.

"ఎడమ" స్పీకర్‌కి ఈ పద్ధతి సరిపోయింది. పది నిమిషాల్లో గరగర ఆగింది. చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి, జిగురు పట్టేలోపు మూడు నిమిషాలకోసారి తరంగం ఇచ్చి మళ్ళీ విన్నాను. "కుడి"ది మాత్రం ఎటు జరిపినా ఒక మూల గీసుకుంటూనే ఉంది. ఏళ్ళ తరబడి ఒకే వైపు వాలి ఉండటంతో దాని స్పైడర్ కాస్త కుంగింది. జిగురు ఆరకముందే తడి గుడ్డతో తుడిచేసి, దానికి పట్టీల పద్ధతికి మారాను. మూత కోసేటప్పుడు టార్చి పట్టుకున్నది నాన్నే. క్యాసెట్ హెడ్‌లు శుభ్రం చేసిన చెయ్యి కదా, నా చెయ్యి కన్నా అది తక్కువ వణుకుతుంది. చివరికి బ్లేడు ఆయనే తీసుకున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను.

రెండు స్పీకర్లనీ 24 గంటలు కదపకుండా ఉంచాం. తర్వాత అట్ట ముక్కలు, మూత అతికించాం.

సరిగ్గా అయిందా? లెక్కతో చూద్దాం

చెవితో బాగుందనిపించడం ఒకటి, కొలిచి చూడటం ఇంకొకటి. కోన్ ఒక బరువు, అంచూ స్పైడరూ కలిసి ఒక స్ప్రింగ్. కాబట్టి ప్రతి స్పీకర్‌కి ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. స్ప్రింగ్ గట్టిదనాన్ని కదిలే బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే అది వస్తుంది. ఉదాహరణకి కదిలే బరువు 30 గ్రాములు, గట్టిదనం మీటరుకి 1,000 న్యూటన్లు అనుకుంటే సుమారు 29 హెర్ట్జ్. గట్టిదనం 1,500 అయితే దాదాపు 36. అంటే గట్టి అంచు వేస్తే స్పీకర్ కింది బేస్‌ని పోగొట్టుకుంటుందన్నమాట. ఫోమ్‌కి ఫోమే వెయ్యాలని ముందు చెప్పింది ఇందుకే.

దీన్ని కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కి వెళ్ళే దారిలో 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి సిరీస్‌లో పెట్టండి. స్పీకర్ కొసల మధ్య మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టండి. తరంగాన్ని 20 హెర్ట్జ్ నుంచి 100 దాకా ఒక్కొక్కటే పెంచుతూ వెళ్ళండి. ఎక్కడ వోల్టేజి శిఖరానికి చేరి మళ్ళీ దిగుతుందో అదే సహజ పౌనఃపున్యం. ఆ చోట స్పీకర్ ఇంపిడెన్స్ బాగా పెరుగుతుంది కాబట్టి ఇలా దొరుకుతుంది.

మా "ఎడమ" 41, "కుడి" 44 చూపించాయి. కొత్త ఫోమ్ మొదట్లో బిగుసుగా ఉంటుంది. కొన్ని గంటలు మామూలు వాల్యూమ్‌లో పాటలు పెట్టాక 38, 40కి దిగాయి. రెంటి మధ్య తేడా చిన్నదే కాబట్టి జత కుదిరినట్టే.

ఇక ముందు

కొత్త అంచు కూడా శాశ్వతం కాదు. నేరుగా ఎండ తగలకుండా, తడి గోడకి ఆనించకుండా పెట్టండి. మెరుపు కోసం నూనెలు, పాలిష్‌లు రాయొద్దు. ఏడాదికోసారి వేలితో ఒత్తి చూడండి. అంచు చిరిగిన స్పీకర్‌ని "ఇంకొన్నాళ్ళు నడుస్తుందిలే" అని మోగించొద్దు. రింగుని ఇంట్లోనే మార్చుకోవచ్చు, కాయిల్ గీసుకుపోతే మాత్రం మందు లేదు.

మన దేశంలో ఈ-వ్యర్థాల కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. రిపేరు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో పోర్టల్ కూడా పెట్టింది. అవన్నీ అవసరమే. కానీ రిపేరు చేసే చెయ్యి ఒకటి ఉండాలి కదా. గుజరాతీ గల్లీలో, జుమ్మెరాత్ బజార్‌లో ఆ పని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు, అడిగితే చెప్తారు కూడా. వాళ్ళ దగ్గరికి కొలత కాగితంతో వెళ్ళండి. క్లబ్బులో ఎవరికైనా పాత స్పీకర్ ఉంటే తీసుకురండి. నా దగ్గర సగం డబ్బా జిగురు, ఎక్స్‌రే పట్టీలు మిగిలే ఉన్నాయి. ల్యాబ్ నుంచి వెర్నియర్ అడిగి తెచ్చే బాధ్యత మాత్రం మీది.

ఇల్లు మారిన రోజు ఆటోలో అన్నిటికన్నా ముందు ఎక్కినవి ఆ రెండు బాక్సులే. ఎడమ ఎటు పెట్టాలో, కుడి ఎటు పెట్టాలో నాన్నే చూసుకున్నాడు.